కుళాయి చప్పుడు

మా అమ్మమ్మకి చెవులు పోయాయని మేమంతా కలిసి తీర్మానించింది ఒక సంక్రాంతికి. ఇంటినిండా జనం. హాల్లో టీవీ, వంటింట్లో కుక్కర్ విజిల్, పిల్లల గోల, మామయ్యలిద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు మాట్లాడటం. అమ్మమ్మ సోఫాలో ఓ మూల కూచుని ఉంది. "ఇంకో అరిసె పెట్టనా అమ్మమ్మా?" అంటే మొహంలోకి చూస్తుంది, నవ్వుతుంది, జవాబు చెప్పదు. రెండోసారి గట్టిగా అడిగాం. మూడోసారి అరిచాం. ఆవిడ మొహంలో నవ్వు పోయి ఒకరకమైన బెదురు వచ్చింది. "బొత్తిగా వినపడ్డం లేదు" అంది మా అమ్మ.

ఆ రాత్రి అందరం చాపలేసుకుని పడుకున్నాక, అమ్మమ్మ లేచి కూచుని, "పెరట్లో కుళాయి కారుతోంది, ఎవరన్నా కట్టండ్రా" అంది. నాకేమీ వినపడలేదు. సరే అని లేచి వెళ్ళి చూస్తే నిజంగానే చుక్క చుక్కగా కారుతోంది.

ఈ రెండు విషయాలూ ఒకదానికొకటి పొసగవని ఆ రోజు నాకు తట్టలేదు. పండగ అయ్యాక చెవి పరీక్షకి తీసుకెళ్ళాం. హెడ్‌ఫోన్స్ పెట్టి, కూత వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. ఎత్తింది. ఈ వయసుకి ఇది బాగా ఉన్నట్టే అన్నాడు పరీక్ష చేసినాయన. అయినా ఓ మిషను పెట్టి చూడండి అన్నాడు. కొన్నాం. రెండు వారాల తర్వాత అది వక్కపొడి డబ్బాలో దొరికింది. ఎందుకు తీసేశావంటే, "చెవిలో సంత పెట్టార్రా మీరు" అంది.

ఏడాదిన్నర తర్వాత అల్జీమర్స్ అని తేలింది. అప్పటికి మా ఇంట్లో మాట మారిపోయింది. తెలుగులో ఇదో చిక్కు. 'వినపడటం' వేరు, 'వినడం' వేరు. మొదటిది చెవి పని, రెండోది మనిషి పని. 'మాట వినడం' అనేది మూడోది, అది బుద్ధికి సంబంధించింది. "అమ్మమ్మకి వినపడదు" అని మొదలుపెట్టిన మేము, మిషను తీసేశాక, "అమ్మమ్మ మాట వినదు" అనడం మొదలుపెట్టాం. ఒక జబ్బుని నేరంగా మార్చడానికి ఒక్క క్రియాపదం చాలింది.

నేను డాక్టర్ని కాదు. సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. రెండు కంప్యూటర్లూ బాగానే ఉండి, వాటి మధ్య మాట ఎందుకు నడవడం లేదో వెతకడం నా ఉద్యోగంలో సగం. అందుకేనేమో, కుళాయి వినపడి మనవడి మాట ఎందుకు అందలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దాని వెనకాల వెళ్తే 150 ఏళ్ళ చరిత్ర దొరికింది. మెదడు జబ్బు ఎక్కడుంటుంది, ఒక చోటునా, చోట్లని కలిపే దారుల్లోనా అన్న తగాదా అది. ఆ తగాదాలో మాటిమాటికీ సాక్షిగా నిలబడింది చెవి.

1

1901 నవంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మానసిక చికిత్సాలయంలో ఔగుస్టె డేటర్ అనే 51 ఏళ్ళ ఆవిడని చేర్చారు. భర్త రైల్వే గుమాస్తా. మర్నాడు అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆవిడ ఎదురుగా కూచుని ప్రశ్నలు వేసి, జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు. పేరేమిటంటే ఔగుస్టె అంది. ఇంటిపేరు అడిగితే ఔగుస్టె. భర్త పేరు అడిగినా ఔగుస్టె అనే అనుకుంటానంది. ప్రశ్న అర్థం కానట్టు చూస్తోందని ఆయన పక్కన రాసుకున్నాడు. మధ్యాహ్నం కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అని చెప్పింది. పేరు రాయమంటే శ్రీమతి అన్న మాట వరకూ రాసి తర్వాతది మర్చిపోయింది. తనని తాను పోగొట్టుకున్నానని ఆవిడే అందట.

ఆ కాగితాల కట్ట దశాబ్దాలు కనపడకుండా పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. దాని గురించి చదువుతుంటే నాకు కొట్టొచ్చినట్టు కనపడింది ఆవిడ మరుపు కాదు, సంభాషణ. ప్రశ్న చెవికి చేరుతోంది, ఏదో ఒక జవాబు నోట్లోంచి వస్తోంది. మధ్యలో ఎక్కడో ప్రశ్న దారి తప్పుతోంది.

1906 ఏప్రిల్ 8న ఆవిడ చనిపోయింది. అల్జీమర్ అప్పటికి మ్యూనిక్‌లో ఉన్నాడు. మెదడుని తెప్పించుకున్నాడు. మాక్స్ బీల్‌షోవ్‌స్కీ అప్పుడే కొత్తగా కనిపెట్టిన వెండి రంగు అద్ది, మైక్రోస్కోపులో చూశాడు. నాడీకణాల లోపల చిక్కుపడ్డ దారపు ఉండల్లాంటివి, కణాల బయట మచ్చల్లాంటివి కనపడ్డాయి. ఆ ఏడాది నవంబర్ 3న ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో చెప్పాడు. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో ఆయన పై అధికారి ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టాడు.

ఆ తర్వాత చాలాకాలం డిమెన్షియా పరిశోధన అంటే మచ్చల్ని, ఉండల్ని వెతకడం, లెక్కపెట్టడం. అందులో తప్పేం లేదు, అవి ఉన్నాయి. కానీ ఔగుస్టె డేటర్‌కి వేసిన ప్రశ్న ఎక్కడ తప్పిపోయిందో ఒక్క మచ్చని చూసి చెప్పలేం.

2

ఆ ప్రశ్నకి జవాబు మొదలైంది అల్జీమర్ కంటే ముందే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, మాట పడిపోయిన ఒక రోగి మెదడుని మరణానంతరం పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు చూపించాడు. మెదడులో మాటకి ఒక చోటు ఉందన్న నమ్మకం దాంతో బలపడింది. 1874లో బ్రెస్లావ్ అనే ఊళ్ళో 26 ఏళ్ళ కార్ల్ వెర్నికే ఒక చిన్న పుస్తకం వేశాడు. బ్రెస్లావ్ ఇప్పుడు పోలండ్‌లో ఉంది, వ్రోత్స్వాఫ్ అంటారు.

వెర్నికే కొన్ని నెలలు వియన్నాలో థియొడోర్ మైనెర్ట్ దగ్గర పని నేర్చుకున్నాడు. మైనెర్ట్‌కి మెదడు లోపలి తెల్లటి తంతువులంటే పిచ్చి. ఒక చోటుని ఇంకో చోటుతో కలిపే ఆ తంతువులే ఆలోచనకి ఆధారం అనేవాడు. శిష్యుడు దాన్ని మాటకి అన్వయించాడు. చెవి నుంచి వచ్చే మాటల శబ్దరూపాలు కణత వెనకాల ఒక చోట నిలవుంటాయి, నోటి కదలికలు బ్రోకా చూపించిన చోట ఉంటాయి, రెంటినీ తంతువులు కలుపుతాయి అన్నాడు. మొదటిది పోతే మనిషి గలగలా మాట్లాడతాడు, ఎదుటివాడి మాట అర్థం కాదు. రెండోది పోతే అర్థమవుతుంది, మాట పెగలదు. మరి రెండు చోట్లూ బాగుండి, మధ్య తంతువు మాత్రం తెగితే? అప్పుడు అర్థమూ అవుతుంది, మాటా వస్తుంది, కానీ ఒక మాట బదులు ఇంకో మాట దొర్లుతుంది. ఇలాంటి రోగులు ఉండి తీరాలి అని ముందే ఊహించి రాశాడు. తర్వాత అలాంటి రోగులు దొరికారు.

నావంటివాడికి ఇది చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. చోట్లన్నీ బాగున్నా, దారి పోతే జబ్బే అని 1874లో ఒకడు కాగితమ్మీద పెట్టాడు. అది టెలిగ్రాఫ్ కాలం. నరాలని టెలిగ్రాఫ్ తీగలతో పోల్చడం అప్పటికే హెల్మ్‌హోల్ట్స్ లాంటివాళ్ళ రాతల్లో ఉంది. ప్రతి కాలమూ తన చేతిలో ఉన్న యంత్రంతోనే మెదడుని ఊహించుకుంటుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా?

1877లో అడాల్ఫ్ కుస్మౌల్ 'మాట చెవుడు' అన్న పేరు పెట్టాడు. గంట మోగితే వినపడుతుంది, తలుపు చప్పుడు వినపడుతుంది, మాట మాత్రం మాటగా అందదు. 1885లో లుడ్విగ్ లిక్ట్‌హైమ్ ఇదంతా ఒక ఇల్లులా ఉండే బొమ్మగా గీసి, ఏ గీత తెగితే ఏ జబ్బో పట్టిక వేశాడు. మా అమ్మమ్మది సరిగ్గా ఈ మాట చెవుడే అని నేను అనను. నిశ్శబ్దంలో ఆవిడకి మాటలు అర్థమయ్యేవి. కానీ "చెవి పనిచేస్తోంది, మాట అందట్లేదు" అన్న వాక్యం డాక్టర్లు రాసుకుని 100 ఏళ్ళు దాటిందని తెలిసినప్పుడు మాత్రం మేము కొన్న మిషను గుర్తొచ్చింది.

తర్వాత ఈ బొమ్మలకి కాలం చెల్లింది. మనిషి మాట ఇన్ని గీతల్లో ఇముడుతుందా అని ఎగతాళి మొదలైంది. 1926లో లండన్‌లో హెన్రీ హెడ్, వీళ్ళని బొమ్మలు గీసేవాళ్ళని ఈసడిస్తూ రెండు సంపుటాల పుస్తకం వేశాడు. ఆయన విమర్శలో న్యాయం ఉంది, ఆ బొమ్మలు రోగుల కంటే శుభ్రంగా ఉంటాయి. కానీ బొమ్మలతో పాటు తీగల ఊహ కూడా చాలామంది బల్లల మీంచి కిందకి పోయింది.

3

ఆ మధ్య కాలంలోనే పారిస్‌లో ఒక సంగీతకారుడి మెదడు నెమ్మదిగా తీగలు తెంపుకుంటోంది. 'బొలేరో' రాసిన మారిస్ రవెల్. 1928లో ఆ రచన వచ్చేనాటికే ఆయనలో చిన్న చిన్న తడబాట్లు మొదలయ్యాయంటారు. 1932 అక్టోబర్‌లో ఒక టాక్సీ ప్రమాదం జరిగింది, ఆ తర్వాత పరిస్థితి దిగజారింది. సంతకం చెయ్యడం కష్టమైపోయింది. కొత్త సంగీతం కాగితమ్మీదికి రావడం ఆగిపోయింది.

ఆయన్ని చూసిన న్యూరాలజిస్టు తెయోఫిల్ అలజువానిన్ 1948లో ఆ వివరాలు అచ్చువేశాడు. రవెల్ ముందు ఆయన సొంత రచన వాయిస్తే వెంటనే గుర్తుపట్టేవాడు. మధ్యలో ఒక్క స్వరం తప్పు వాయిస్తే పట్టేసుకునేవాడు. పియానో శ్రుతి కొద్దిగా తప్పినా చెప్పేవాడు. అదే స్వరం పేరేమిటంటే చెప్పలేకపోయేవాడు. చూసి చదవలేడు, విన్నది రాయలేడు. తన ఓపెరా తలలో ఉంది, వినపడుతూనే ఉంది, ఇక ఎప్పటికీ రాయలేను అని స్నేహితులతో అన్నాడని చెబుతారు. 1937 డిసెంబర్ 28న, మెదడు ఆపరేషన్ అయిన కొద్ది రోజులకి చనిపోయాడు. మెదడుకి శవపరీక్ష జరగలేదు. కాబట్టి అది ఏ జబ్బో ఇప్పటికీ వాదనే, అల్జీమర్స్ అని మాత్రం ఎక్కువమంది అనరు.

మన ప్రశ్నకి జబ్బు పేరుతో పని లేదు. తప్పు స్వరం పట్టుకునే చెవి చెక్కుచెదరకుండా ఉంది. ఆ చెవి నుంచి పేరుకి, చేతికి, కాగితానికి వెళ్ళే దారులు మూతపడ్డాయి. బయటి నుంచి చూసేవాళ్ళకి రవెల్ సంగీతం మర్చిపోయినట్టే కనపడి ఉండాలి. అలజువానిన్ కూచుని పియానో వాయించి చూశాడు కాబట్టి సంగీతం లోపలే ఉందని తెలిసింది. ఆ ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

4

తీగల ఊహని మళ్ళీ బల్ల మీదికి తెచ్చింది బోస్టన్‌లో నార్మన్ గెష్విండ్. పాత జర్మన్ గ్రంథాలు వెతికి చదివి, వెర్నికేని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారని గ్రహించి, 1965లో 'బ్రెయిన్' పత్రికలో రెండు భాగాలుగా, వందపైన పేజీల వ్యాసం రాశాడు. మనుషుల్లోనూ జంతువుల్లోనూ 'సంబంధాలు తెగిన' జబ్బులన్నీ ఒకచోట చేర్చాడు. అయితే ఆ వ్యాసంలో ఎక్కువగా ఉన్నవి పక్షవాతాలు, గడ్డలు, ఒక్క దెబ్బకి తెగినవి. డిమెన్షియాలో తీగ తెగదు, ఏళ్ళ తరబడి పోగు పోగుగా విడిపోతుంది.

ఆ ముక్క 1984లో కలిసింది. అమెరికాలోని అయోవాలో బ్రాడ్లీ హైమన్, గ్యారీ వాన్ హోసెన్, ఆంటోనియో డమాసియో తదితరులు అల్జీమర్స్ మెదళ్ళని పరిశీలించి 'సైన్స్' పత్రికలో రాశారు. కొత్త జ్ఞాపకాలకి కీలకమైన భాగం హిప్పోకాంపస్. దానికి వార్తలు తెచ్చే కణాలూ, దాన్నుంచి వార్తలు మోసుకుపోయే కణాలూ ఏవో సరిగ్గా అవే ఏరినట్టు దెబ్బతిన్నాయి. హిప్పోకాంపస్ వెలివేసినట్టు ఒంటరిదైపోయింది. ఊరు ఉంది, ఊరికి వచ్చే రోడ్డూ పోయే రోడ్డూ లేవు. మరుసటేడు ఇంగ్లండ్‌లో పియర్సన్ బృందం కార్టెక్స్‌లో అలాంటిదే చూపించింది. అల్జీమర్ చూసిన ఆ దారపు ఉండలు ఎక్కడపడితే అక్కడ లేవు, దూరపు చోట్లని కలిపే తంతువులు పుట్టే పొరల్లో గుంపులుగా ఉన్నాయి. 1906 నాటి మచ్చలూ, 1874 నాటి తీగలూ అలా ఒకే చిత్రంలోకి వచ్చాయి.

1991లో జర్మనీలో హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు 83 మెదళ్ళు కోసి చూసి, ఆ ఉండలు ఏ వరసలో పాకుతాయో ఆరు దశలుగా చెప్పారు. హిప్పోకాంపస్ గుమ్మం దగ్గర మొదలై, ఒకదాన్నొకటి కలిపే ప్రాంతాల గుండా పాకి, చూపు, వినికిడి లాంటి ఇంద్రియాల మొదటి మజిలీలకి అన్నిటికంటే చివర చేరతాయి.

అమ్మమ్మ కుళాయి నాకు వినపడింది ఇక్కడ. చెవి నుంచి వచ్చిన శబ్దం మెదడులో మొదట దిగే చోటు ఈ జబ్బులో చాలాకాలం బాగానే ఉంటుంది. నిశ్శబ్దమైన రాత్రి ఒకే ఒక్క చప్పుడు వినడానికి అది దాదాపు చాలు. హెడ్‌ఫోన్స్‌లో కూతకి వేలెత్తడానికీ చాలు. పది గొంతుల మధ్య ఒక గొంతు పట్టుకుని, అది ఎవరిదో, ఏమంటోందో, తననే అడుగుతోందో లేదో తేల్చుకుని, "వద్దు నాన్నా, ఒకటి చాలు" అనాలంటే మాత్రం ఆ మజిలీ నుంచి బయల్దేరే రోడ్లన్నీ కావాలి.

5

బతికున్న మనిషి మెదడులో ఈ రోడ్లని చూడటం 1990ల దాకా కుదరలేదు. 1995లో విస్కాన్సిన్‌లో భరత్ బిస్వాల్ అనే యువ పరిశోధకుడు, ఎంఆర్ఐ స్కానర్‌లో ఏ పనీ చెయ్యకుండా ఊరికే పడుకున్న మనుషుల సంకేతాలు పరిశీలించాడు. చేతి కదలికలకి సంబంధించిన ఎడమ, కుడి భాగాలు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఒకే లయలో ఎగసిపడుతున్నాయి. చాలామంది అది రొద అనుకున్నారు. అది రొద కాదు, చోట్ల మధ్య సంబంధానికి గుర్తు. 2001లో మార్కస్ రైకిల్ బృందం, మనం ఏ పనిమీదా లేనప్పుడు చురుగ్గా ఉండే ప్రాంతాల గుంపుకి 'డిఫాల్ట్ మోడ్' అన్న మాట వాడింది. 2004లో మైఖేల్ గ్రీషియస్ బృందం, అల్జీమర్స్ రోగుల్లో ఆ గుంపులోని లంకె, ముఖ్యంగా మెదడు వెనక మధ్యభాగంలో ఉన్న పోస్టీరియర్ సింగ్యులేట్ దగ్గర, బలహీనపడిందని చూపించింది. 2009లో విలియం సీలీ బృందం ఐదు రకాల డిమెన్షియాలు తీసుకుంటే, ఒక్కొక్కటీ మెదడులో తినేసిన భాగం, ఆరోగ్యవంతుల్లో కలిసి పనిచేసే ఒక్కో నెట్‌వర్క్‌కి దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఇది నా భాషలో చెప్తాను. మాకు ఒక రకం ఫిర్యాదు తరచూ వస్తుంది. సర్వర్‌ని పింగ్ చేస్తే పలుకుతుంది, పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. అసలు పని అడిగితే మాత్రం టైమవుట్. కొత్తగా చేరిన కుర్రాళ్ళు పింగ్ చూసి అంతా బాగుందంటారు. చెవి పరీక్షలో కూతకి వేలెత్తడం పింగ్ లాంటిది. అది చెవి బతికుందని చెప్తుంది, అడిగిన మాట చేరిందని చెప్పదు.

మెదడులో అన్ని చోట్లకీ సమానమైన తీగలుండవు. కొన్ని జంక్షన్లకి ఎక్కువ. విజయవాడ స్టేషన్ ఆగితే ఎన్ని ఊళ్ళ బళ్ళు ఆగుతాయో ఊహించుకోండి. అల్జీమర్స్‌లో ఎక్కువ దెబ్బ తగిలేది ఇలాంటి జంక్షన్లకే అని 2009లో రాండీ బక్నర్ బృందం చూపించింది, పోస్టీరియర్ సింగ్యులేట్ వాటిలో ముఖ్యమైనది. అయితే నా పోలిక ఇక్కడితో ఆగాలి. కంప్యూటర్ తీగ తనంతట తాను జబ్బు మొయ్యదు. మెదడులో ఆ దారపు ఉండల పదార్థం, టౌ, కణం నుంచి కణానికి అవే తంతువుల వెంట పాకుతుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. మాట నడిచే రోడ్డు మీదే జబ్బూ నడుస్తుంది. వెర్నికే బొమ్మలో ఇది లేదు, మా ఆఫీసు బొమ్మల్లోనూ లేదు.

6

శబ్దం సంగతికి మళ్ళీ వద్దాం. 1953లో కాలిన్ చెర్రీ ఒక ప్రశ్న వేశాడు. పార్టీలో అందరూ మాట్లాడుతుంటే మనం ఒక్కరి మాటే ఎలా వినగలుగుతున్నాం? హెడ్‌ఫోన్స్‌లో కుడి చెవికి ఒక ప్రసంగం, ఎడమ చెవికి ఇంకోటి వినిపించి, ఒకదాన్నే వెంట వెంట పలకమన్నాడు. పలికారు. రెండో చెవిలో మధ్యలో భాష మారినా కూడా గమనించలేదు. మెదడు రెండో గొంతుని వాకిట్లోనే ఆపేసింది. 1959లో నెవిల్ మోరే ఆ ఆపేసిన గొంతులో వింటున్నవాళ్ళ పేరు పలికించాడు. సుమారు మూడింట ఒకవంతు మంది గుర్తుపట్టారు. మూసిన తలుపు సందులోంచి కూడా దూరగలిగింది మన పేరు.

ఈ పనినే అల్జీమర్స్ రోగుల మీద లండన్‌లో జేసన్ వారెన్ బృందం పరీక్షించింది. 2012లో 21 మంది రోగులకి కలగలిసిన శబ్దాలు వినిపించి, వాటిని విడదీయమన్నారు, జతపరచమన్నారు. ఆరోగ్యవంతులతో పోలిస్తే రెండూ కష్టమయ్యాయి. ఆ కష్టం మొత్తాన్నీ మామూలు వినికిడి లోపంతో వివరించడం కుదరలేదు. తాత్కాలికంగా విషయాన్ని తలలో పట్టుకునే శక్తి తగ్గడానికి మాత్రం అందులో వాటా ఉంది. ఈ పని ఎంత బాగా చేశారన్నదానితో ముడిపడిన మెదడు ప్రాంతాల్లో పోస్టీరియర్ సింగ్యులేట్ ఒకటి. అదే జంక్షన్. 2015లో అదే బృందం, గోలలో రోగి సొంత పేరు వినిపిస్తూ స్కాన్ చేస్తే, కుడి వైపు సుప్రామార్జినల్ గైరస్ అనే చోటు మామూలు వాళ్ళలో కంటే ఎక్కువగా రగులుకుంది. పేరు పిలుపు లోపలికి చేరినా, దాన్ని గోలలోంచి వేరుచేసే తీరు మారిపోయింది.

మా సంక్రాంతి హాలు ఆ లండన్ ప్రయోగశాలే. టీవీ, కుక్కర్, మామయ్యలు, పైన మా అరుపులు. మిషను ఆ మొత్తం కుప్పని పెద్దది చేసి చెవిలో పోసింది. సంత పెట్టారని ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

అలాగని చెవి మిషన్లు దండగ అనుకోకూడదు. కథలో ఇంకో సగం ఉంది. 2011లో బాల్టిమోర్‌లో ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని సగటున 12 ఏళ్ళ దాకా గమనిస్తే, వినికిడి కొద్దిగా తగ్గినవాళ్ళకి డిమెన్షియా వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు, మధ్యరకంగా తగ్గినవాళ్ళకి మూడు రెట్లు, బాగా తగ్గినవాళ్ళకి ఐదు రెట్లు కనపడింది. చెవి సరిగా పంపనప్పుడు మెదడు ఎక్కువ కష్టపడటమా, మనుషుల్లోంచి తప్పుకోవడమా, రెంటికీ ఒకే మూలమా అన్నది ఇంకా తెగలేదు. 2023లో 977 మంది వృద్ధుల మీద మూడేళ్ళ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద మిషన్ల వల్ల తేడా కనపడలేదు, కానీ ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మతి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. చెవి నిజంగా తగ్గితే మిషను త్వరగా పెట్టించాలి. చెవి బాగుండి మాట అందకపోతే, వెతకాల్సింది ఇంకోచోట.

తీగలు వాడకంతో గట్టిపడతాయన్న ఆశకి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు 2013లో ప్రచురించింది. అందులో 391 మంది రెండో భాష మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వాళ్ళ కంటే వీళ్ళలో జబ్బు లక్షణాలు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. రెండు భాషల మధ్య రోజంతా గేరు మార్చే మెదడు, కొన్ని దారులు మూసుకుపోయినా పక్కదారులు పట్టగలదేమో అన్నది ఊహ. ఆసుపత్రికి రాని జనంలో చేసిన అధ్యయనాలన్నీ దీన్ని బలపరచలేదు. అయినా తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినపడే ఊరు ఈ చరిత్రలోకి ఒక ప్రశ్న తీసుకొచ్చిందని తెలిస్తే నాకు సంతోషంగానే ఉంటుంది.

7

సొంత పేరు ప్రయోగం గురించి చదివినప్పుడు ఒక విషయం తట్టింది. మా అమ్మమ్మని ఆవిడ పేరుతో పిలిచేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ, అత్తయ్య, పిన్ని, అమ్మమ్మ. తాతయ్య బతికున్నంతకాలం "ఏమేవ్" అన్నాడు. గోలలో "అమ్మమ్మా" అంటే అది ఏ అమ్మమ్మో ఆవిడకి తెలియాలిగా. లండన్ వాళ్ళు వాడిన పిలుపు, ఏ తలుపు సందులోంచైనా దూరే ఆ పిలుపు, మా దగ్గర వాడకంలోనే లేదు.

జబ్బు ముదిరాక ఒకసారి ఆవిడ అన్నయ్య చూడ్డానికొచ్చాడు. తొంభై ఏళ్ళాయన. హాల్లో ఎప్పటి గోలే. గుమ్మంలోంచే "సుబ్బులూ" అన్నాడు, గట్టిగా కూడా కాదు. ఆవిడ తల తిప్పింది. ఇది ప్రయోగం కాదు, ఒక్కసారి జరిగింది. అదృష్టమూ కావచ్చు, అన్నగారి గొంతూ కావచ్చు. దీన్ని బట్టి ఏ సిద్ధాంతమూ చెప్పను.

కానీ ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మారాయి. అమ్మమ్మతో మాట్లాడేముందు టీవీ కట్టేసేవాళ్ళం. వెనక నుంచి కాకుండా ఎదురుగా కూచునేవాళ్ళం. ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు ఆగేవాళ్ళం, మామయ్యలు కూడా. చిన్న వాక్యం చెప్పి జవాబు కోసం కాస్సేపు చూసేవాళ్ళం. జబ్బు తగ్గలేదు, తగ్గేది కాదు. కొన్నిసార్లు జవాబు వచ్చేది. వచ్చినా రాకపోయినా ఆ బెదురు మొహం మాత్రం తగ్గింది. ఇది తెలుసుకోవడానికి స్కానర్ అక్కర్లేదు. మేము అరిచిన ఆ రెండేళ్ళు ఎవరైనా ఈ నాలుగు ముక్కలూ చెప్పి ఉంటే బాగుండేది.

అమ్మమ్మ పోయి నాలుగేళ్ళయింది. మా అమ్మకి ఇప్పుడు అరవై ఏడు. ఫోన్లో నేను చెప్పింది "ఏమిటీ?" అని మళ్ళీ అడిగితే, గొంతు పెంచను. వెనకాల టీవీ మోగుతోందేమో వింటాను. మోగుతుంటే, కట్టేసి రమ్మంటాను, వచ్చేదాకా ఆగుతాను.